ఇంకా గోడ కాని గోడ

సిరుసేరిలో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే
సముద్రం డ్యూటీ ఎక్కుతుంది.
పొద్దుటి నుంచీ ఎక్కడ పడుకుందో ఆ గాలి,
సరిగ్గా అన్నాల వేళకి లేచి
క్రేన్ కొక్కేన్ని ఓసారి ఊపి చూస్తుంది.

ఒరగడంలో పోతపోసిన గోడలు
లారీల మీద వస్తాయి
కిటికీ కన్నంతో సహా,
నుదుటి మీద నంబరుతో సహా.
సోమవారం వచ్చింది డబ్ల్యూ రెండొందల నాలుగు.
నాలుగు టన్నుల పైచిలుకు.
నిండు బిందెని చుట్టకుదురు మీద పెట్టినట్టు
తొమ్మిదో అంతస్తులో దించాడు సెల్వమణి.

నా దగ్గరో కాగితం ఉంది.
అడ్డంగా సంభావ్యత, నిలువుగా తీవ్రత,
ఒకటి నుంచి ఐదు దాకా. హెచ్చవేత వస్తే చాలు.
గోడ పడిపోవుట: రెండైదులు పది. పసుపు రంగు.
ఆ రెండుని ఒకటి చేయలేమా
అని అడిగారు ప్రాజెక్టు మేనేజరు భక్తవత్సలం గారు,
కూరలో ఉప్పు సంగతి అడిగినట్టు.
ఐదుని మాత్రం ఎవరూ బేరమాడరు.
ఐదంటే మనిషి.
ఇద్దరైనా ఐదే, ఏడుగురైనా ఐదే.
ఆపైన గడి లేదు.

నిలబెట్టిన గోడ గోడ కాదు.
అడుగున గ్రౌటు గట్టిపడేదాకా
రెండు ఏటవాలు ఇనప కాళ్ళ మీద
అది నిలబడ్డ బరువు, అంతే.
ఆ మూడు రోజులూ దాన్ని ఆనుకోకూడదు,
దాని నీడలో అన్నం తినకూడదు.
తినకూడదని మూడు భాషల్లో రాయించాను.
అంతస్తు మొత్తానికి నీడ అక్కడొక్కటే ఉంది.

మంగళవారం, రెండో కాలికి పిన్ను లేదు.

బొటనవేలంత పిన్ను.
అది ఉండాల్సిన కన్నంలోంచి ఆకాశం కనిపిస్తోంది.
విజిల్ వేశాను. అందర్నీ కిందికి దింపాను.
గాలిమీటరు ముప్ఫై నాలుగు.
రేడియోలో సెల్వమణి ఎన్నాచ్చు, ఎన్నాచ్చు అంటున్నాడు.
గోడ కదల్లేదు.
కదిలినవి నా మోకాళ్ళు.

చివరికి దొరికింది.
నీళ్ళ డ్రమ్ము పక్కన, రెండు పలకల అతుకు సందులో
దిగ్గొట్టి ఉంది.
దానికి వేలాడుతూ నాలుగు క్యారియర్లు.

"నాదేనమ్మా తప్పు" అంది ఉర్లాన పైడమ్మ,
గ్రౌటు కలిపే మనిషి, టెక్కలి అవతల ఊరు.
"కింద పెడితే సీమలు పడతన్నాయి.
అదేటో ఊరికే ఉన్నట్టుంటే పీకీసినాను.
ఇంకో కాలుంది గదా అనుకున్నాను."

ఇంకో కాలుంది గదా.
ఆరేళ్ళుగా నేను గడుల్లో నింపుతున్నదీ
ఈ మాటే, కాకపోతే అంకెల్లో.

ఫారంలో కారణము అన్న చోట
మానవ తప్పిదము అని అచ్చేసి ఉంది.
టిక్కు పెడితే చాలు,
పైడమ్మ రెండు వారాల కూలి పోతుంది,
పసుపు గడి పసుపుగానే ఉంటుంది.
కలం అక్కడే ఆగింది.
డ్రాయింగులో ప్రతి బోల్టుకీ పేరుంది, కొలతుంది.
మూడొందల మంది అన్నానికి
ఒక్క మేకు గీయలేదు ఎవరూ.

కారణం: మేకులు లేవు, అని రాశాను.
నివారణ: మేకులు. అంతస్తుకి నలభై, చెక్క పలక మీద.
సంభావ్యత దగ్గర రెండు కొట్టేసి నాలుగు వేశాను.
ఎరుపు.
భక్తవత్సలం గారు ఇంకా సంతకం పెట్టలేదు.
మేకులు నావలూరులో నేనే కొన్నాను.

ఈ పొద్దున పైడమ్మ
కొత్త మేకుకి క్యారియరు తగిలించి
కిందికి ఓసారి లాగి చూసింది.
పక్కకి ఓసారి.
తలెత్తి గాలి ఎటుందో చూసి
మళ్ళీ ఓసారి లాగింది.

అప్పుడు చెయ్యి వదిలింది.